పరరాష్ట్ర వాహనాల క్రయవిక్రయాలు (వికారాబాదు జిల్లా)

ఒక రాష్ట్రంలో నమోదైన మోటారు వాహనాన్ని మరొక రాష్ట్రంలో నివసించే వ్యక్తి కొనడం, అమ్మడం, లేదా కొత్తగా వచ్చి స్థిరపడినవారు తమ పాత వాహనాన్ని వెంట తెచ్చుకొని వాడుకోవడం పరరాష్ట్ర వాహనాల క్రయవిక్రయాల కిందకు వస్తాయి. తెలంగాణ రాష్ట్రానికి పశ్చిమ అంచున, కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉన్న వికారాబాదు జిల్లాలో, ముఖ్యంగా తాండూరు, కొడంగల్ ప్రాంతాలలో ఈ విషయానికి ప్రాధాన్యం ఉన్నది. వాడుకలో దీనిని "బయటి బండి" కొనడం అంటారు. బండిని కొన్నంత మాత్రాన అది చట్టం దృష్టిలో కొన్నవాని పేరున చేరదు. నమోదు పత్రంలో (ఆర్.సి.) పేరు మారేవరకు అమ్మినవాడు, కొన్నవాడు ఇద్దరూ చిక్కులలోనే ఉంటారు. ఈ ప్రక్రియను మోటారు వాహనాల చట్టం, 1988, కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989, రాష్ట్ర పన్నుల చట్టం నియంత్రిస్తాయి.

నేపథ్యం

నిజాం కాలంలోను, ఆ తరువాత 1956 వరకు కొనసాగిన హైదరాబాదు రాష్ట్రంలోను తాండూరు, కొడంగల్ తాలూకాలు గుల్బర్గా జిల్లాలో భాగంగా ఉండేవి. 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ జరిగినపుడు గుల్బర్గా జిల్లా మైసూరు రాష్ట్రంలో కలిసినది. అయితే ఈ రెండు తాలూకాలను మాత్రం దాని నుండి విడదీసి ఆంధ్ర ప్రదేశ్‌లో చేర్చారు. తాండూరు హైదరాబాదు జిల్లాకు, కొడంగల్ మహబూబ్‌నగర్ జిల్లాకు వెళ్ళాయి. 1978లో రంగారెడ్డి జిల్లా ఏర్పడినపుడు తాండూరు, వికారాబాదు అందులో చేరాయి. 2016 అక్టోబరు 11న వికారాబాదు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినపుడు కొడంగల్ కూడా ఈ జిల్లాలోకి వచ్చినది. ఆ విధంగా ఒకప్పటి ఇరుగుపొరుగు తాలూకాలు ఆరు దశాబ్దాల తరువాత మళ్ళీ ఒకే జిల్లాలో కలిశాయి.

పరిపాలన గీత మారినా రాకపోకలు మారలేదు. తాండూరు, సేడం, చిత్తాపూర్ మూడూ సికింద్రాబాదు - వాడి రైలుమార్గం మీదనే ఉన్నాయి. తాండూరు నాపరాయి, కందిపప్పు, సిమెంటు పరిశ్రమలకు పేరు పొందినది. సరిహద్దుకు అవతల సేడంలో కూడా సిమెంటు పరిశ్రమ ఉన్నది. చించోళి, సేడం, గుర్మిట్కల్ ప్రాంతాలతో పెళ్ళి సంబంధాలు, వ్యాపార సంబంధాలు సర్వసాధారణం. తాండూరు బజారులో తెలుగు, కన్నడ, ఉర్దూ మూడు భాషలూ వినిపిస్తాయి. అందువలన అవతలి బంధువు వద్ద నుండి కారు కొనుక్కోవడం, ఉద్యోగం మారి వచ్చినవారు పాత నంబరుతోనే బండి నడుపుకోవడం ఇక్కడ వింతగా కనిపించదు. వింతగా కనిపించకపోవడమే ఒక విధంగా సమస్య. పొరుగూరి బండే కదా అన్న భావనతో కాగితాలను పట్టించుకోని వారు ఎక్కువ.

నమోదు సంకేతాలు

వాహనం ఎక్కడ నుండి వచ్చినదో నంబరు పలకలోని మొదటి అక్షరాలు, అంకెలు తెలియజేస్తాయి. ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్ కాలంలో రంగారెడ్డి జిల్లా వాహనాలకు ఎ.పి. 28, ఎ.పి. 29 సంకేతాలు ఉండేవి. తెలంగాణ ఏర్పడిన తరువాత 2014 జూన్ నుండి టి.ఎస్. అక్షరాలు అమలులోకి వచ్చాయి. వికారాబాదు జిల్లాకు 34వ సంఖ్య కేటాయించారు. 2024 మార్చి నుండి కొత్త వాహనాలకు టి.జి. అక్షరాలు ఇస్తున్నారు. కాబట్టి జిల్లాలో ఎ.పి. 28, టి.ఎస్. 34, టి.జి. 34 మూడు రకాల బండ్లూ కనిపిస్తాయి. ఇవన్నీ స్థానిక వాహనాలే. రాష్ట్ర విభజనకు ముందు రంగారెడ్డి జిల్లాలో నమోదైన ఎ.పి. 28 బండిని పరరాష్ట్ర వాహనంగా పొరబడరాదు.

సరిహద్దు వైపు నుండి వచ్చేవాటిలో కె.ఎ. 32 (కలబురగి), కె.ఎ. 33 (యాదగిరి), కె.ఎ. 38 (బీదరు) ముఖ్యమైనవి. మహారాష్ట్ర నంబర్లు కూడా కనిపిస్తాయి. వికారాబాదు జంక్షను నుండి బీదరు మీదుగా పర్లీ వరకు రైలుమార్గం ఉన్నది.

రెండు రాష్ట్రాల పన్ను ఎందుకు

కొత్తగా వచ్చినవారికి అన్నిటికంటె అన్యాయంగా తోచేది జీవితకాల పన్ను (లైఫ్ ట్యాక్స్). కర్ణాటకలో ఒకసారి పదిహేనేళ్ళకు కట్టిన పన్నును తెలంగాణలో మళ్ళీ కట్టడమెందుకని అడుగుతారు. దీనికి కారణం రాజ్యాంగంలోనే ఉన్నది. మోటారు వాహనాల నమోదు, నియమాలు ఉమ్మడి జాబితాలో 35వ అంశం కాగా, వాహనాలపై పన్ను రాష్ట్ర జాబితాలో 57వ అంశం. అందువలన నమోదు పత్రం దేశమంతటా చెల్లుతుంది, పన్ను మాత్రం వాహనం ఉంచిన రాష్ట్రానికే చెందుతుంది. తెలంగాణలో ఈ పన్నును ఉమ్మడి రాష్ట్ర కాలపు 1963 నాటి మోటారు వాహనాల పన్నుల చట్టం ఆధారంగా వసూలు చేస్తారు. పరరాష్ట్ర వాహనానికి దాని మొదటి ధర, వయస్సు లెక్కలోకి తీసుకొంటారు. బండి పాతబడిన కొద్దీ శాతం తగ్గుతుంది. ధర శ్రేణులు, శాతాలు ప్రభుత్వ ఉత్తర్వులతో మారుతుంటాయి కనుక బేరం కుదుర్చుకొనే ముందే రవాణా శాఖ వద్ద ఆనాటి లెక్క తెలుసుకోవడం మంచిది.

పాత రాష్ట్రంలో కట్టిన పన్నులో మిగిలిన కాలానికి తగిన భాగాన్ని తిరిగి పొందే అవకాశం ఉన్నది. అయితే అది తనంతట తాను రాదు. కొత్త రాష్ట్రంలో పునర్నమోదు పూర్తయిన తరువాత, కొత్త ఆర్.సి. నకలు, పన్ను కట్టిన రుజువులతో పాత నమోదు కార్యాలయంలో దరఖాస్తు చేయవలసి ఉంటుంది. ఈ వాపసు కోసం కలబురగికి తిరిగి వెళ్ళడానికి బద్ధకించి వదిలివేసేవారు కలరు. బండి చేతులు మారినపుడు వాపసు ఎవరికి చెందాలో అమ్మకం కాగితంలోనే రాసుకోకపోతే తరువాత తగాదా వస్తుంది.

బయటి బండి చౌక అన్న మాటను ఈ పన్నుతో కలిపి చూడవలెను. ఉదాహరణకు స్థానిక నంబరుతో నాలుగు లక్షలు పలికే కారు సరిహద్దు అవతల మూడున్నర లక్షలకు దొరికినదనుకొంటే, దానిపై పన్ను, రుసుములు, కొత్త నంబరు పలకలు, తిరుగుళ్ళు కలిపి అరవై వేలు అయితే కొన్నవాడు పదివేలు నష్టపోయినట్లే.

పన్నెండు నెలల నియమం

వాహనాన్ని నమోదైన రాష్ట్రం నుండి తీసుకువచ్చి మరొక రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచితే కొత్త నమోదు సంఖ్య కోసం దరఖాస్తు చేయవలెనని చట్టంలోని 47వ సెక్షను చెబుతున్నది. దీనిని చాలామంది "ఏడాది వరకు ఏ చిక్కూ లేదు" అని అర్థం చేసుకొంటారు. అది సగమే నిజం. ఈ గడువు నంబరు మార్పునకు మాత్రమే సంబంధించినది. చిరునామా మారితే 49వ సెక్షను ప్రకారం ముప్ఫై రోజులలో తెలియజేయవలెను. పన్ను విషయం రాష్ట్ర చట్టం చూసుకొంటుంది. అన్నిటికంటె ముఖ్యంగా, ఈ పన్నెండు నెలల సౌకర్యం తన బండిని తానే తెచ్చుకొన్న యజమానికే గాని, బండిని కొన్నవానికి కాదు. కొన్నవాడు 50వ సెక్షను ప్రకారం ముప్ఫై రోజులలోనే యాజమాన్య బదిలీకి దరఖాస్తు చేయవలసి ఉంటుంది. తాండూరు వంటి చోట ఈ రెంటినీ కలిపివేసి, కొన్న కారును కూడా ఏడాది పాటు పాత పేరుతోనే తిప్పడం కనిపించే పొరపాటు.

తరచు బదిలీ అయ్యే ఉద్యోగుల కోసం కేంద్ర ప్రభుత్వం 2021 సెప్టెంబరు 15 నుండి భారత్ సిరీస్ (బి.హెచ్.) నమోదును ప్రవేశపెట్టినది. రక్షణ సిబ్బంది, కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు, ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగులు, నాలుగు లేదా అంతకంటె ఎక్కువ రాష్ట్రాలలో కార్యాలయాలున్న ప్రైవేటు సంస్థల ఉద్యోగులు దీనికి అర్హులు. పన్నును ఒకేసారి పదిహేనేళ్ళకు గాక రెండేళ్ళ చొప్పున కడతారు. రాష్ట్రం మారినా నంబరు మార్చనవసరం లేదు. 2022 డిసెంబరులో చేసిన సవరణతో సాధారణ నమోదు గల వాహనాన్ని ఈ సిరీస్‌కు మార్చుకొనే వీలు కూడా కల్పించారు. వికారాబాదు జిల్లా పూడూరు మండలం దామగుండంలో నౌకాదళ వి.ఎల్.ఎఫ్. (అతి తక్కువ పౌనఃపున్య) రేడియో కేంద్రానికి 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగినది. అటువంటి సంస్థలకు వచ్చే సిబ్బందికి ఈ సిరీస్ వలన ప్రయోజనం ఉండగలదు.

బదిలీ విధానం

పరరాష్ట్ర వాహనం చేతులు మారేటపుడు మొదటి మెట్టు నిరభ్యంతర పత్రం (ఎన్.ఓ.సి.). దీనిని అమ్మేవాడు తన నమోదు కార్యాలయంలో ఫారం 28 ద్వారా కోరవలెను. కలబురగిలో నమోదైన బండికి అక్కడి కార్యాలయమే ఇవ్వవలెను గాని వికారాబాదు కార్యాలయం ఇవ్వజాలదు. పన్ను బకాయిలు లేవనీ, వాహనంపై దొంగతనం కేసు లేదని పోలీసుల నివేదిక ఉన్నదనీ చూసుకొన్న తరువాతనే దీనిని ఇస్తారు. దరఖాస్తు అందిన ముప్ఫై రోజులలో ఇచ్చినదీ, తిరస్కరించినదీ తెలుపవలెనని 48వ సెక్షను నిర్దేశిస్తున్నది. ఆ గడువులో తిరస్కారం తెలుపకపోతే ఇచ్చినట్లే భావించవలెనని కూడా ఆ సెక్షనులోనే ఉన్నది. అయితే చేతిలో కాగితం లేకుండా ఆ నియమాన్ని మాత్రమే చూపి అవతలి రాష్ట్రంలో పని జరిపించుకోవడం తేలిక కాదు.

బండిపై అప్పు ఉంటే ఎన్.ఓ.సి. కంటె ముందే దానిని తీర్చవలెను. ఆర్.సి.లో బ్యాంకు లేదా ఫైనాన్సు సంస్థ పేరు తాకట్టుదారుగా నమోదై ఉంటుంది. అప్పు తీరినదని ఆ సంస్థ సంతకం చేసి ఇచ్చే ఫారం 35ను రవాణా శాఖలో దాఖలు చేస్తేనే ఆ పేరు తొలగుతుంది. డబ్బు కట్టివేసి ఫారం తీసుకొని కూడా దాఖలు చేయక బీరువాలో పెట్టుకొన్నవారి బండ్లు అమ్మేనాటికి ఇంకా తాకట్టులోనే కనిపిస్తాయి.

తరువాత అమ్మినవాడు ఫారం 29 ద్వారా అమ్మకాన్ని తెలియజేయవలెను. ఒకే రాష్ట్రంలోనైతే దీనికి గడువు పద్నాలుగు రోజులు. కొన్నవాడు వేరే రాష్ట్రంవాడైతే నలభై ఐదు రోజులలో ఎన్.ఓ.సి. సహితంగా తెలుపవలెను. కొన్నవాడు ఫారం 30తో బదిలీకి, ఫారం 27తో కొత్త నమోదు సంఖ్యకు తన ప్రాంతపు కార్యాలయంలో దరఖాస్తు చేస్తాడు. వికారాబాదు జిల్లావారు ముందుగా రవాణా శాఖ వెబ్‌సైటు ద్వారా తేదీ, సమయం నిర్ణయించుకొని వెళతారు. మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు బండిని స్వయంగా చూసి, చాసిస్ సంఖ్య, ఇంజను సంఖ్య పత్రాలతో సరిపోల్చుతాడు. చాసిస్ సంఖ్యపై కాగితం ఉంచి పెన్సిలుతో రుద్ది ముద్ర తీయడం పాత పద్ధతే అయినా, కొనేవాడు తానే ముందుగా చేసి చూసుకోదగిన పరీక్ష ఇది. పన్ను, రుసుము చెల్లించిన పిమ్మట కొత్త సంఖ్య, దానితోపాటు అధిక భద్రతా నంబరు పలకలు వస్తాయి.

యజమాని మరణించిన బండి విషయంలో ఈ వరుస వేరుగా ఉంటుంది. వారసులు మరణాన్ని ముప్ఫై రోజులలో తెలిపి, మూడు నెలలలోపు ఫారం 31 ద్వారా తమ పేరున మార్చుకొన్న తరువాతనే అమ్మవలెను. మరణించిన వ్యక్తి పేరుననే ఉన్న బండిని, కొడుకు సంతకంతో కొనడం చెల్లదు.

ఖాళీ సంతకాల అలవాటు

పాత బండ్ల వ్యాపారంలో అన్నిటికంటె ప్రమాదకరమైన అలవాటు ఖాళీ ఫారాలపై సంతకాలు చేసి ఇవ్వడం. అమ్మేవాడు ఫారం 29, ఫారం 30లపై కొనేవాని పేరు, తేదీ లేకుండా సంతకం చేసి, ఆర్.సి.తో సహా మధ్యవర్తికి అప్పగించి డబ్బు తీసుకొంటాడు. మధ్యవర్తి ఆ కాగితాలతో బండిని ఒకరికి, ఆ ఒకరు మరొకరికి అమ్ముతారు. ప్రతిసారి బదిలీ రుసుము, పన్ను మిగులుతాయి కనుక అందరికీ లాభంగానే తోస్తుంది. ఆర్.సి.లో మాత్రం మొదటి యజమాని పేరే ఉంటుంది.

ఇక్కడ రెండు చట్టాలు రెండు రకాలుగా మాట్లాడతాయి. 1930 నాటి వస్తు విక్రయ చట్టం ప్రకారం కారు చరాస్తి. ధర కుదిరి, బండి అప్పగించితే సొత్తు చేతులు మారినట్లే. మోటారు వాహనాల చట్టంలోని 2(30) సెక్షను ప్రకారం మాత్రం ఎవరి పేరున వాహనం నమోదై ఉన్నదో వారే యజమాని. ప్రమాదం జరిగినపుడు బాధితునికి నష్టపరిహారం ఎవరు చెల్లించాలన్న ప్రశ్నకు రెండవదే వర్తిస్తుంది. 2018 ఫిబ్రవరి 6న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ విషయాన్ని తేటతెల్లం చేసినది. ఆ కేసులో కారు ప్రమాదానికి ముందే పలు చేతులు మారినది, ఆర్.సి. మాత్రం మొదటి యజమాని పేరుననే ఉన్నది. బాధితులు వరుసగా చేతులు మారిన ప్రతి ఒక్కరినీ వెతుక్కొంటూ తిరగనవసరం లేదనీ, నమోదైన యజమానియే బాధ్యుడనీ న్యాయస్థానం నిర్ణయించినది. 2011లో కూడా సుప్రీంకోర్టు ఇదే దారిలో తీర్పు ఇచ్చినది.

దీని అర్థం సామాన్యునికి తీవ్రమైనదే. ఉద్యోగం మారి తాండూరు వదిలి వెళుతూ కారును హడావుడిగా అమ్మివేసిన వ్యక్తికి మూడేళ్ళ తరువాత ఎక్కడో జరిగిన ప్రమాదానికి నష్టపరిహార ట్రిబ్యునలు నోటీసు రావచ్చును. అప్పటికి బండికి బీమా లేకపోతే లక్షల రూపాయల భారం అతనిపై పడుతుంది. బండిని నేరానికి వాడితే పోలీసులు మొదట వచ్చేది కూడా అతని గుమ్మానికే. వేగం మీరినందుకు, సిగ్నలు దాటినందుకు వచ్చే ఈ-చలానాలు సైతం అతని పేరుననే చేరుతుంటాయి.

అందుచేత అమ్మేవాడు తన రక్షణ కోసం కొన్ని పనులు తానే చేసుకోవలెను. ఫారాలలో కొనేవాని పేరు, చిరునామా, తేదీ, సమయం పూర్తిగా నింపిన తరువాతనే సంతకం చేయవలెను. బండి అప్పగించిన రోజు, గంట, మీటరు అంకె రాసి ఇద్దరి సంతకాలతో, సాక్షులతో అప్పగింత కాగితం తీసుకోవలెను. కొన్నవాని గుర్తింపు పత్రం నకలు ఉంచుకోవలెను. గడువులోపల అమ్మకాన్ని నమోదు కార్యాలయానికి తెలిపి రసీదు పొందవలెను. వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకొన్న ఒప్పందం ఇద్దరి మధ్య పనికివస్తుంది గాని, ఆర్.సి.లో పేరు మార్పునకు అది బదులు కాదు.

కొనేవానికి ఉన్న ముప్పు వేరు. బయానా ఇచ్చి బండి తెచ్చుకొన్న తరువాత అసలు యజమాని దొరకకపోతే, లేదా మనసు మారి ఎన్.ఓ.సి. దరఖాస్తుకు రాకపోతే, బండి ఇంటి ముందు ఉన్నా పేరున ఉండదు. అప్పు మిగిలి ఉంటే ఫైనాన్సు సంస్థ వచ్చి తీసుకుపోవచ్చును. దొంగ బండి అయితే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షను (1860 నాటి శిక్షాస్మృతిలో 411వ సెక్షను) కింద విచారణ ఎదుర్కోవలసి రావచ్చును. సరిహద్దు అవతలివాడైతే వెతకడం మరింత కష్టం. కాబట్టి మొత్తం ధర ఒకేసారి ఇవ్వక, కొంత భాగం ఎన్.ఓ.సి. చేతికి వచ్చిన రోజున ఇచ్చేటట్లు మాట్లాడుకోవడం తెలివైన పద్ధతి.

బీమా

బండి చేతులు మారినపుడు మూడవ వ్యక్తికి (థర్డ్ పార్టీ) సంబంధించిన బీమా కూడా కొన్నవానికి బదిలీ అయినట్లేనని 157వ సెక్షను చెబుతున్నది. కొన్నవాడు పద్నాలుగు రోజులలో బీమా సంస్థకు తెలిపి పాలసీలో పేరు మార్పించుకోవలెను. ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటి ఉన్నది. ఆ సెక్షను ఇచ్చే రక్షణ మూడవ వ్యక్తికే గాని, కొన్నవాని సొంత కారుకు జరిగిన నష్టానికి కాదని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చినది. అనగా పేరు మార్పించుకోకముందు కారు చెట్టుకు గుద్దుకొంటే మరమ్మతు ఖర్చు రాదు. క్లెయిము లేనందుకు ఇచ్చే తగ్గింపు (నో క్లెయిమ్ బోనస్) బండితో పోదు, అమ్మినవానికే చెందుతుంది. అతడు తన తరువాతి కారుకు దానిని వాడుకోవచ్చును. బీమా లేకుండా నడిపితే 2019 సవరణ తరువాత మొదటిసారి రెండువేల రూపాయలు, మళ్ళీ దొరికితే నాలుగువేల రూపాయల జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు శిక్ష, లేదా రెండూ ఉన్నాయి.

బండి పరిశీలన

తాండూరు చుట్టుపక్కల నాపరాయి గనుల దారులలో తిరిగిన కార్ల అడుగు భాగం, షాకులు తప్పక చూడవలెను. పైకి రంగు మెరుస్తున్నా కింద రాళ్ళ దెబ్బలు దాగవు. మీటరు వెనుకకు తిప్పడం పాత మోసం. సర్వీసు కేంద్రపు రికార్డులలోని కిలోమీటర్లతో, పెడళ్ళ రబ్బరు, స్టీరింగు అరుగుదలతో పోల్చితే బయటపడుతుంది. 2020 అక్టోబరులో హైదరాబాదులో వచ్చిన వరదలలో అనేక కార్లు మునిగిపోయాయి. అటువంటి బండి సీట్ల పట్టాల కింద తుప్పు, తివాచీ కింద ఒండ్రు, ముక్క వాసన ఉంటాయి.

ఢిల్లీ నుండి వచ్చే డీజిలు కార్లు ఒక ప్రత్యేక వర్గం. పదేళ్ళు దాటిన డీజిలు బండ్లు ఢిల్లీ ప్రాంతంలో నడపరాదని జాతీయ హరిత ట్రిబ్యునలు 2015లో ఆదేశించగా, 2018లో సుప్రీంకోర్టు దానిని అమలు చేయవలసినదిగా చెప్పినది. దానితో అక్కడి యజమానులు బండ్లను తక్కువ ధరకు ఇతర రాష్ట్రాలకు పంపించడం పెరిగినది. వయస్సు ఎనిమిది, తొమ్మిదేళ్ళుండి రూపం బాగున్న ఖరీదైన కార్లు దక్షిణాదిన పన్ను కట్టిన తరువాత కూడా కొందరికి గిట్టుబాటు అవుతాయి. అయితే రవాణాయేతర వాహనానికి మొదటి నమోదు పదిహేనేళ్ళకే చెల్లుతుంది, తరువాత ఐదేళ్ళ చొప్పున పొడిగించుకోవలెను. 2022 ఏప్రిల్ నుండి పదిహేనేళ్ళు దాటిన కార్ల పునరుద్ధరణ రుసుమును కేంద్రం ఐదువేల రూపాయలకు పెంచినది. బాగా పాత కారు కొనేవారు ఈ ఖర్చును కూడా ధరలో చూసుకోవలెను.

మధ్యవర్తులు, డీలర్లు

జిల్లాలోని కొనుగోలుదారులలో చాలామంది బంధువుల ద్వారానో, స్థానిక మెకానిక్కు ద్వారానో, హైదరాబాదు వెళ్ళియో బండి చూసుకొంటారు. మెకానిక్కు మాట మీద నమ్మకం ఎక్కువ. అతడు అమ్మేవాని వద్ద కూడా కమీషను తీసుకొంటున్నాడా అన్నది అడగడం మాత్రం మొగమాటంగా ఉంటుంది. మారుతీ సంస్థ 2001లో ట్రూ వాల్యూ పేరుతో పాత కార్ల విక్రయశాలలు ప్రారంభించినది. 2015 తరువాత ఇంటర్నెట్టు ద్వారా పాత కార్లు కొనే, అమ్మే సంస్థలు వచ్చాయి.

ఖాళీ సంతకాల చిక్కును తగ్గించే ఉద్దేశంతో కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో నిబంధనలను సవరించినది. ఇవి 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చాయి. వీటి ప్రకారం పాత బండ్ల డీలరు రవాణా శాఖ వద్ద అధికార పత్రం పొందవలెను. యజమాని బండిని అధీకృత డీలరుకు అప్పగించినట్లు రవాణా శాఖకు ఆన్‌లైనులో తెలిపిన తరువాత, అది మళ్ళీ అమ్ముడయ్యేవరకు బాధ్యత డీలరుదే. ఎన్.ఓ.సి.కి, బదిలీకి అతడే దరఖాస్తు చేయవచ్చును. ఆ బండిని ఎందుకు, ఎంత దూరం బయటకు తీసినదీ ప్రయాణ పట్టికలో నమోదు చేయవలెను. నిబంధన మంచిదే అయినా దాని రక్షణ అధీకృత డీలరుకు అప్పగించినపుడే లభిస్తుంది. మెకానిక్కుకో, పరిచయమున్న దళారికో ఇచ్చినవారికి పాత ముప్పు అలాగే ఉన్నది.

జి.ఎస్.టి. మండలి 2024 డిసెంబరులో నిర్ణయించిన మేరకు పాత కార్లు అమ్మే నమోదిత వ్యాపారులు తమ లాభపు తేడాపై 18 శాతం పన్ను కట్టవలెను. ఇది వ్యాపారులకే గాని, ఒక వ్యక్తి మరొక వ్యక్తికి తన సొంత కారు అమ్ముకొన్నపుడు వర్తించదు. 2025 సెప్టెంబరు 22 నుండి చిన్న కార్లపై జి.ఎస్.టి.ని 28 శాతం నుండి 18 శాతానికి తగ్గించి, సెస్సును తొలగించారు. కొత్త కారు ధర తగ్గితే పాత కారు బేరం కూడా తగ్గుతుంది.

విదేశాల నుండి వచ్చినవారు

భారతదేశంలో చెల్లుబాటయ్యే వీసాతో, నివాస రుజువుతో ఉన్న విదేశీయులు తమ పేరున కారు కొనవచ్చును. వారికి నివాస రుజువే అసలు చిక్కు. అద్దె ఒప్పందం, విదేశీయుల నమోదు కార్యాలయం ఇచ్చిన పత్రం అడుగుతారు. దేశం వదిలి వెళ్ళేముందు బదిలీ పూర్తి చేయకపోతే, ఖాళీ సంతకాల విభాగంలో చెప్పిన బాధ్యత వారిని కూడా వదలదు. పైగా కోర్టు నోటీసు చేరే చిరునామా సైతం ఉండదు.

అమెరికా నుండి తిరిగి వచ్చే తెలుగువారు అక్కడి కారును వెంట తేవాలనుకోవడం కద్దు. అది దాదాపు సాధ్యపడదు. పాత కారు దిగుమతికి అది తయారై మూడేళ్ళు మించరాదని, స్టీరింగు కుడివైపున ఉండవలెనని విదేశీ వాణిజ్య నిబంధనలు చెబుతున్నాయి. అమెరికా కార్లకు స్టీరింగు ఎడమవైపున ఉంటుంది. సుంకం కూడా చాలా ఎక్కువ. అందుచేత అక్కడే అమ్మివేసి రావడమే ఆనవాయితీ.

అక్కడి పద్ధతితో పోల్చినపుడు ఒక తేడా కనిపిస్తుంది. కాలిఫోర్నియాలో కారు అమ్మినవాడు ఐదు రోజులలో బాధ్యత విడుదల నోటీసును వాహన శాఖకు పంపవలెను. కొన్నవాడు పది రోజులలో పేరు మార్పించుకోవలెను. అమ్మినవాడు ఆన్‌లైనులో పంపే ఆ నోటీసు తరువాత జరిగే జరిమానాలు, ప్రమాదాల బాధ్యత నుండి అతనిని తప్పిస్తుంది. దుబాయిలో జరిమానాలు తీర్చి, బండి సాంకేతిక పరీక్ష దాటి, కొనేవాని పేర బీమా తీసుకొన్న తరువాతనే బదిలీ జరుగుతుంది. భారతదేశంలో ఫారం 29 ఉద్దేశం కూడా అమ్మినవాని వైపు నుండి సమాచారం చేరవేయడమే. దానిని పంపినంత మాత్రాన ఆర్.సి.లో పేరు మారదు.